చేను మేస్తున్న కంచెకి ఎరువు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది: "మా నాన్నకి ఏడాదిగా దగ్గు తగ్గట్లేదండీ, కళ్ళె పచ్చగా పడుతోంది. ఇమ్యూనిటీకి ఏదైనా మంచిది ఇవ్వండి." కౌంటరు వెనకాయన ఒక టానిక్కు, జింకు బిళ్ళల అట్ట, అయిదు రోజుల యాంటీబయాటిక్, దగ్గు ఆగే సిరప్పు సంచిలో వేసి ఇస్తాడు. అడిగినవాళ్ళది తండ్రి మీద ప్రేమ, ఇచ్చినాయనది ఏళ్ళనాటి అలవాటు. తప్పు ఆ అడగడంలోనే ఉంది. నెలల తరబడి బాక్టీరియా తిష్ఠ వేసిన ఊపిరితిత్తిలో సాధారణంగా రోగనిరోధక శక్తికి కరువుండదు. అక్కడ అది అవసరానికి మించి పోగుపడి ఉంటుంది. ఆ పచ్చరంగే సాక్ష్యం.

కళ్ళె ఆకుపచ్చగా మారడానికి ముఖ్య కారణం మన కణాలే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్ అనే రకం ఎముక మూలుగలో రోజుకి సుమారు పదివేల కోట్లు తయారవుతాయి. రక్తంలోకి వచ్చాక ఒక రోజు అటూ ఇటూగా బతుకుతాయి. వాటి లోపలి రేణువుల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము దండిగా ఉంటుంది. అందులో ఇనుము ఉంటుంది, దాని రంగు ఆకుపచ్చ. 1941లో అగ్నర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త తెల్లకణాల్లోంచి దాన్ని విడదీసి వెర్డోపెరాక్సిడేజ్ అని పేరు పెట్టాడు. ‘వెర్డో’ అంటే పచ్చ అనే. కాబట్టి కళ్ళె ఎంత పచ్చగా ఉంటే అందులో చచ్చిన మన కణాలు అంత ఎక్కువ. ఏ బాక్టీరియా ఉందో రంగు చెప్పదు, అసలు బాక్టీరియా ఉందో లేదో కూడా ఖాయంగా చెప్పదు. వైరస్ జలుబులోనూ నాలుగో రోజుకి చీమిడి పచ్చబడుతుంది. అందుకే రంగొక్కటే చూసి యాంటీబయాటిక్ రాయడం సరికాదు. పాత రోగి విషయంలో చూడాల్సింది రోజూ పడే రంగు కంటే ముదిరిందా, రోజూ పడే పరిమాణం కంటే పెరిగిందా అన్నది.

న్యూట్రోఫిల్ బాక్టీరియాని మింగి తన కడుపులోనే చంపితే పేచీ లేదు. మింగలేకపోయినప్పుడో, పని మధ్యలో పగిలిపోయినప్పుడో లోపల దాచుకున్న సరంజామా అంతా బయట పడుతుంది. అందులో మహా చెడ్డది ఎలాస్టేజ్ అనే ఎంజైము. శ్వాసనాళాల గోడలకి సాగే గుణం ఇచ్చే పీచుని అది కోసేస్తుంది. గోడ వదులై నాళం వెడల్పవుతుంది, మళ్ళీ బిగుసుకోదు. ఇలా వెడల్పైపోయిన నాళాల జబ్బునే బ్రాంకియెక్టాసిస్ అంటారు. నాళం లోపలి పొరమీద సన్నటి నూగు ఉంటుంది. సెకనుకి పది పదిహేనుసార్లు కొట్టుకుంటూ, నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జిగురుని గొంతు వైపు తోస్తూ ఉంటుంది. ఎలాస్టేజ్ ఆ నూగునీ పాడుచేస్తుంది. జిగురు తయారుచేసే కణాలని ఇంకా తయారుచెయ్యమని రెచ్చగొడుతుంది. తోసేవాళ్ళు తగ్గారు, తొయ్యాల్సిన సరుకు పెరిగింది.

అక్కడితో ఆగదు. బాక్టీరియా ఒంటికి అంటుకుని ‘ఇదిగో ఇక్కడుంది’ అని చూపించే యాంటీబాడీలని ఎలాస్టేజ్ ముక్కలు చేస్తుంది. ఆ గుర్తుని చదవడానికి న్యూట్రోఫిల్ మీదుండే గ్రాహకాలని కూడా కోసేస్తుంది. చచ్చిన కణాలని ఎత్తిపోసే పని మాక్రోఫేజ్‌లది. ఏ కణం చచ్చిందో అవి పోల్చుకునే దారినీ చెడగొడుతుంది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటామే, న్యూట్రోఫిల్ చేసేది అదే. గురి తప్పిన ప్రతి కణమూ తర్వాత వచ్చే కణానికి కూడా గురి లేకుండా చేసి పోతుంది.

దీనికి ఒంట్లో విరుగుడు లేదని కాదు. కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీను చేసి రక్తంలోకి పంపుతుంది. దాని ఒక్కో అణువు ఒక్కో ఎలాస్టేజ్ అణువుని పట్టుకుని దానితోపాటే నాశనమవుతుంది. వారం పది రోజుల నిమోనియాలో ఈ జమాఖర్చు సరిపోతుంది. ఏడాది పొడుగునా కణాలు వచ్చి పగులుతుంటే ఖర్చు జమని దాటిపోతుంది. పొగ తాగేవాళ్ళలో ఇంకా తొందరగా దాటుతుంది, ఎందుకంటే పొగలోని ఆక్సీకరణ పదార్థాలు ఆ విరుగుడు ప్రొటీనులో సరిగ్గా ఎలాస్టేజ్‌ని పట్టుకునే చోటే దెబ్బకొడతాయి. మన తీరప్రాంతపు ఊళ్ళలో ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ గురించి డాక్టర్లు ఎక్కువగా అంగిలి క్యాన్సరు భయంతోనే మాట్లాడతారు. ఆ భయం నిజమే. కానీ ఏళ్ళ తరబడి దగ్గే అమ్మకి చెప్పాల్సిన మొదటి మాట కూడా ఆ చుట్ట గురించే. కట్టెల పొయ్యి పొగకీ ఇదే వర్తిస్తుంది. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల్లో రాతిదుమ్ము పీల్చేవాళ్ళ కష్టం వేరు. సిలికా రేణువుని మింగిన మాక్రోఫేజ్ దాన్ని అరిగించుకోలేక చస్తుంది. క్షయ క్రిమిని కాపలా కాయాల్సిన కణం అదే కాబట్టి, సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ ముప్పు మామూలు మనిషికంటే కొన్ని రెట్లు ఎక్కువ.

1986లో పీటర్ కోల్ అనే బ్రిటిష్ వైద్యుడు ఇదంతా ఒక విషవలయంగా కూర్చి చెప్పాడు. నాళం దెబ్బతింటుంది, జిగురు నిలుస్తుంది, నిలిచినచోట బాక్టీరియా పెరుగుతుంది, దానికోసం న్యూట్రోఫిల్స్ వస్తాయి, అవి నాళాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. మన చెరువులకి మదుము (తూము) దగ్గర పూడిక పడితే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళు కదలవు, నాచు పడుతుంది, ఎన్ని మందులు చల్లినా మదుము తియ్యకుండా నీళ్ళు తేరవు. ఇమ్యూనిటీ టానిక్కు వాదంలో లోటు ఇదే: అది పూడిక ఊసు ఎత్తదు.

నాచు అన్నాను కదా, బాక్టీరియా కూడా అలాగే ఉంటుంది. ఇలాంటి ఊపిరితిత్తుల్లో ఎక్కువ కష్టపెట్టే సూడోమోనాస్ ఎరుజినోసా మొదట్లో విడివిడిగా ఈదే క్రిమి. కొన్నాళ్ళకి ఆల్జినేట్ అనే జిగురు కప్పుకుని గుంపులుగా స్థిరపడుతుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. న్యూట్రోఫిల్ దాన్ని మింగలేదు, చుట్టూ మూగి సరంజామా విరజిమ్ముతుంది. ఆ క్రమంలో చుట్టుపక్కల జిగురులోని ఆక్సిజన్‌ని న్యూట్రోఫిల్సే వాడేసుకుంటాయి. ఆక్సిజన్ లేనిచోట బాక్టీరియా చావదు, నెమ్మదిస్తుంది. నెమ్మదించిన బాక్టీరియా మీద యాంటీబయాటిక్‌లు సరిగా పనిచెయ్యవు. అమికాసిన్, జెంటామైసిన్ లాంటివి బాక్టీరియా లోపలికి దూరడానికే ఆక్సిజన్‌తో నడిచే యంత్రాంగం కావాలి. అంటే మన సైన్యం చేసే హడావిడే మందుకి అడ్డుపడుతోంది. ల్యాబులో ప్లేటు మీద ‘పనిచేస్తుంది’ అని రిపోర్టు వచ్చిన మందు రోగి ఒంట్లో ఎందుకు తేలిపోతుందో చెప్పే కారణాల్లో ఇదొకటి. మందు నకిలీదని షాపువాడితో దెబ్బలాడేముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

యాంటీబాడీల సంగతి ఇంకా విచిత్రం. ‘ఇమ్యూనిటీ పెరిగింది’ అనడానికి మామూలుగా చూపించే కొలత యాంటీబాడీలే. డెన్మార్క్‌లో నీల్స్ హైబీ అనే వైద్యుడు 1970ల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో జిగురు చిక్కబడే పుట్టుజబ్బు) రోగుల్ని గమనించి, సూడోమోనాస్ మీద యాంటీబాడీలు ఎక్కువున్నవాళ్ళే ఎక్కువ దెబ్బతింటున్నారని చూపించాడు. యాంటీబాడీ, బాక్టీరియా ముక్కలు కలిసి గడ్డలుగా ఏర్పడి మళ్ళీ న్యూట్రోఫిల్స్‌నే పిలుస్తాయి. 2014లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు బ్రాంకియెక్టాసిస్‌తో సూడోమోనాస్ ఉన్నవాళ్ళని పరీక్షించారు. దాదాపు అయిదుగురిలో ఒకరికి ఒక తరహా యాంటీబాడీ విపరీతంగా ఉంది. అది బాక్టీరియాని చంపించకపోగా దాని మీద దుప్పటిలా కప్పుకుని రక్తంలోని చంపే ప్రొటీన్లు తగలకుండా కాపాడుతోంది. తర్వాత ఇద్దరు రోగుల రక్తంలోంచి ఆ యాంటీబాడీల్ని యంత్రంతో తీసేస్తే వాళ్ళు తేరుకున్నారు. ఇద్దరి అనుభవం అందరికీ వైద్యం కాదు. కానీ ‘యాంటీబాడీ ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్న లెక్క ఈ జబ్బులో చెల్లదనడానికి ఇంతకంటే గట్టి రుజువు నాకు కనిపించలేదు.

టీబీలో గుహ తవ్వేది ఎవరు

మన జిల్లాల్లో ఊపిరితిత్తుల్లో దీర్ఘకాలపు బాక్టీరియా అంటే ముందు గుర్తురావాల్సింది క్షయ. ఎక్స్‌రేలో డాక్టరు వేలు పెట్టి చూపించే గుహని క్రిములు కొరికి తవ్వాయని అనుకుంటాం. క్షయ క్రిమి దగ్గర ఊపిరితిత్తి పీచుని కోసే సరంజామా పెద్దగా లేదు. కోసేవి మన కణాలు వదిలే ఎంజైములు. దీనికి తిరుగులేని సాక్ష్యం హెచ్ఐవీ రోగులు. సీడీ4 కణాలు (హెచ్ఐవీ నాశనం చేసే రోగనిరోధక కణాలు) బాగా పడిపోయినవాళ్ళకి టీబీ వస్తే గుహలు తక్కువగా ఏర్పడతాయి, తెమడలో క్రిములు కూడా తక్కువగా కనపడతాయి. గుహ పడాలంటే గట్టి ఇమ్యూనిటీ ఉండాలి. క్రిమి నాళంలోకి, అక్కణ్ణించి దగ్గుతో పక్కవాళ్ళకి చేరేది ఆ గుహలోంచే. అంటే మన ప్రతిస్పందనని క్రిమి తన దారిగా వాడుకుంటోంది.

ఇమ్యూనిటీని ఎగదోసి టీబీని నయం చెయ్యాలన్న ప్రయత్నం కూడా చరిత్రలో జరిగింది, చేసినవాడు మామూలు మనిషి కాదు. 1882లో క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోక్, 1890లో బెర్లిన్‌లో ఒక మందు ప్రకటించాడు. క్రిమి నుంచి తీసిన సారం, ట్యూబర్‌క్యులిన్. ఐరోపా అంతటి నుంచీ రోగులు బెర్లిన్‌కి ఎగబడ్డారు. సూది పడినవాళ్ళకి జ్వరం పేలిపోయింది, పాత మచ్చలు వాచి రగిలాయి, కొందరు చనిపోయారు. ఆ ద్రవం చివరికి చర్మం మీద వేసే పరీక్షగా మిగిలింది. నయం చెయ్యడానికి మాత్రం పనికిరాలేదు.

దీన్నిబట్టి ఇమ్యూనిటీని అణిచేస్తే సరి అనుకుంటే అది రెండో గొయ్యి. కీళ్ళవాతానికి ఇచ్చే, టీఎన్ఎఫ్ అనే రోగనిరోధక సంకేతాన్ని అడ్డుకునే మందులు వాడినవాళ్ళలో నిద్రపోతున్న టీబీ లేస్తోందని 2001లోనే బయటపడింది. న్యూట్రోఫిల్స్‌ని పిలిచే ఒక సంకేతాన్ని అడ్డుకునే మందుని సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకిచ్చి చూసిన ప్రయోగాన్ని, ఊపిరితిత్తుల ఇబ్బందులు పెరగడంతో మధ్యలోనే ఆపెయ్యాల్సొచ్చింది. మన ఊళ్ళలో ఈ గొయ్యి పేరు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ సూది. ఆయాసంతో వచ్చిన మనిషికి ఆర్‌ఎంపీ దగ్గర అది పడితే సాయంత్రానికి ఆకలి పుడుతుంది, జ్వరం దిగుతుంది, మూడు రోజులు హాయిగా ఉంటుంది. ఆ మూడు రోజుల్లో జరిగేది వేరు. స్టెరాయిడ్ మాక్రోఫేజ్‌లనీ టీ-కణాలనీ నెమ్మదింపజేస్తుంది. అంటే టీబీని కట్టడి చేసే కణాలు తగ్గుతాయి. న్యూట్రోఫిల్స్‌ని మాత్రం తగ్గించదు, వాటి ఆయుష్షు పెంచుతుంది. అణచాల్సినదాన్ని వదిలి ఉంచాల్సినదాన్ని అణచడం ఇది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ప్రాణాధారం, దాన్ని ఈ మాటలు చదివి మానెయ్యకూడదు. మెదడు పొరల టీబీకి స్టెరాయిడ్ కలిపే ఇస్తారు. నేను తప్పుపట్టేది పరీక్ష లేకుండా దగ్గుకి పొడిచే సూదిని.

అయిదు రోజుల లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇలాంటిదే. అది టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది కాబట్టి దగ్గు కాస్త తగ్గుతుంది, తెమడ పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, నెల తర్వాత జబ్బు ముదిరి తిరిగిరావచ్చు. మొండి టీబీకి దాచుకోవాల్సిన మందు చిన్న దగ్గుకి ఖర్చయిపోతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకి యాంటీబయాటిక్ కంటే ముందు తెమడ డబ్బా చేతికివ్వాలి.

టీబీ మందులు ఆరు నెలలూ సరిగ్గా వాడి, క్రిమి పోయాక కూడా దగ్గు మిగిలేవాళ్ళు చాలామంది. దేశవ్యాప్తంగా 31 ఆసుపత్రుల్లో 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు నమోదు చేసి 2019లో ప్రచురించారు. వాళ్ళలో 35.5 శాతం మందికి కారణం పాత టీబీ. ఐరోపా పుస్తకాల్లో రాసిన బ్రాంకియెక్టాసిస్ వేరు, మనది వేరు. ఇక్కడొక పెద్ద పొరపాటు రోజూ జరుగుతుంది. దగ్గు మిగిలింది, ఎక్స్‌రేలో మచ్చ ఉంది, కాబట్టి ‘టీబీ తిరగబెట్టింది’ అని మళ్ళీ బిళ్ళలు మొదలెడతారు. మచ్చ జీవితాంతం ఉంటుంది, దాన్ని చూసి మొదలుపెట్టకూడదు. సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు క్రిమి డీఎన్ఏని పట్టుకుంటాయి. పాత రోగిలో చచ్చిన క్రిమి డీఎన్ఏ కూడా చాలాకాలం కనపడొచ్చు. బతికున్న క్రిమి ఉందో లేదో చెప్పేది కల్చర్, అంటే తెమడలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష. ద్రవపు కల్చర్‌లో ‘లేదు’ అని ఖాయం చెయ్యడానికి 42 రోజులు పడుతుంది. ఆ 42 రోజులు ఊరికే కూర్చోనక్కర్లేదు, అదే తెమడని మామూలు బాక్టీరియా కల్చర్‌కి పంపితే రెండు మూడు రోజుల్లో ఫలితం వస్తుంది.

తెమడ సరిగ్గా ఇవ్వడం

ఇది చిన్న సంగతిలా కనపడుతుంది గానీ, సగం వైద్యం ఇక్కడే చెడుతుంది. ల్యాబుకొచ్చే డబ్బాల్లో చాలావాటిలో ఉండేది ఉమ్మి. పొద్దున్న లేవగానే, ఏమీ తినకముందు, మంచినీళ్ళతో రెండుసార్లు పుక్కిలించాలి. నోట్లోని క్రిములు తగ్గడానికి అది. రెండు మూడుసార్లు నిండా ఊపిరి తీసి, ఛాతీ అడుగునుంచి దగ్గి, వచ్చినదాన్ని నేరుగా డబ్బాలోకి వెయ్యాలి. 2 నుంచి 5 మిల్లీలీటర్లు, అంటే చెంచాడు చాలు. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. సాధారణ కల్చర్‌కైతే రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి, లేదంటే 4 డిగ్రీల చలిలో ఉంచాలి. ఇచ్ఛాపురంలో పొద్దున్నే డబ్బా నింపి చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కితే శ్రీకాకుళం చేరేసరికి అసలు క్రిమి చచ్చి, నోటి క్రిమి పెరిగి ఉంటుంది. దూరంనుంచి వచ్చేవాళ్ళు ఆసుపత్రికి వచ్చాకే, ఆరుబయట గాలి ఆడే చోట నిలబడి ఇవ్వడం మేలు.

ల్యాబువాళ్ళు ముందు స్లైడు మీద చూడాలి. తక్కువ పవర్‌లో ఒక్కో ఫీల్డుకి చీముకణాలు 25 దాటి, నోటి చర్మపు కణాలు 10 లోపుంటే అది ఛాతీనుంచి వచ్చిన తెమడే. అలా లేకపోతే కల్చర్ చెయ్యకుండా ఇంకోటి అడగాలి. రిపోర్టులో ఈ రెండు అంకెలు లేకుండా ‘క్లెబ్సియెల్లా పెరిగింది’ అని మాత్రమే ఉంటే, ఆ బాక్టీరియా నోట్లోదో ఛాతీలోదో తెలియనట్టే. దానికి పదివేల రూపాయల సూదులు పొడిపించుకునేముందు ఒకసారి అడగండి.

మదుము తియ్యడం

కళ్ళె రోజూ బయటికి పంపడమే ఈ జబ్బులో అసలైన ‘ఇమ్యూనిటీ మందు’ అని నా వాదన. చచ్చిన కణాలు, ఎలాస్టేజ్, బాక్టీరియా ముద్ద మూడూ కలిసే బయటికి పోతాయి. దగ్గు ఆపే కోడీన్ సిరప్పు సరిగ్గా దీనికి వ్యతిరేకం. మదుముకి మట్టి కొట్టడం అది.

పద్ధతి ఇది. కుర్చీలో భుజాలు వదులుగా పెట్టి అర నిమిషం మామూలుగా ఊపిరి తియ్యాలి. తర్వాత మూడు నాలుగుసార్లు ముక్కుతో నిండుగా పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపి, మెల్లగా వదలాలి. మళ్ళీ మామూలు ఊపిరి. అప్పుడు మధ్యస్తంగా గాలి తీసుకుని, నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు ‘హా’ అంటామే, అలా కాస్త బలంగా, పొడుగ్గా వదలాలి. ఒకటి రెండు ‘హా’లు, అంతే. గొంతు దగ్గరకి కళ్ళె చేరినట్టు అనిపించాకే దగ్గాలి. ఇదంతా ఒక చుట్టు. పది నుంచి ఇరవై నిమిషాలు, రెండు చుట్లలో వరసగా ఏమీ రానిదాకా, రోజుకి ఒకటి రెండుసార్లు. ఎక్కువమంది చేసే తప్పు ముందే గట్టిగా దగ్గడం. వదులైన నాళం గట్టి దగ్గుకి మూసుకుపోతుంది, కళ్ళె వెనకే చిక్కుకుంటుంది, మనిషికి ఆయాసం మిగులుతుంది. టీబీ లేదని తేలేదాకా ఇది ఇంట్లో పిల్లల మధ్య చెయ్యకూడదు, పెరట్లో చెయ్యాలి.

తలకిందుగా వాలి కళ్ళె కార్చే పద్ధతి కింది భాగాల జబ్బుకి. పాత టీబీ ఎక్కువగా పై భాగాల్ని పాడుచేస్తుంది, అవి కూర్చుంటేనే కారతాయి. అందుకే పాత టీబీ రోగుల్లో కొందరికి కళ్ళె అసలు రాదు, ఉన్నట్టుండి రక్తం పడుతుంది. రక్తం పడినరోజు వీపు తట్టడం, ఉప్పునీటి నెబ్యులైజర్ రెండూ ఆపెయ్యాలి. ఏ వైపు జబ్బో తెలిస్తే ఆ వైపుకి తిరిగి పడుకోవాలి, మంచి ఊపిరితిత్తిలోకి రక్తం జారకుండా. రోజులో టీగ్లాసుడు దాటితే 108కి ఫోన్ చెయ్యడమే.

కళ్ళె మరీ బంకగా ఉంటే, 3 నుంచి 7 శాతం ఉప్పునీటిని నెబ్యులైజర్‌లో వాడతారు. మొదటి మోతాదు డాక్టరు ఎదురుగానే తీసుకోవాలి, ముందు నాళాల్ని వదులుచేసే సాల్బ్యుటమాల్ పీల్చి. కొందరికి నాళాలు బిగుసుకుపోతాయి. ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు, కొళాయి నీళ్ళు, నూతి నీళ్ళు పోయకూడదు, శుద్ధిచేసిన సెలైనే పొయ్యాలి. వాడిన ప్రతిసారీ కప్పునీ, నోటిముక్కనీ సబ్బునీళ్ళతో కడిగి, కంపెనీ కాగితంలో మరగబెట్టొచ్చని ఉంటే అయిదు నిమిషాలు మరగబెట్టి, పూర్తిగా ఆరబెట్టాలి. సూడోమోనాస్‌కి తడి ఉంటే చాలు, బట్టకింద మూతపెట్టిన తడి కప్పులో హాయిగా పెరుగుతుంది. రేపు దాన్నే పీలుస్తారు.

చచ్చిన కణాల డీఎన్ఏ దారాలే బంకకి కారణం కాబట్టి, డీఎన్ఏని కోసే డోర్నేజ్ మందు ఇందులోనూ పనిచెయ్యాలి కదా అనిపిస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో పనిచేస్తుంది. మిగతా బ్రాంకియెక్టాసిస్‌లో ఇచ్చి చూస్తే జబ్బు ఎక్కువైంది, 1998లోనే తేలింది. పక్క జబ్బు మందు మన జబ్బుకి సరిపోతుందని ఊహతో వాడకూడదనడానికి ఇది గుర్తుంచుకోవాలి.

క్రిమిని చంపని మందు జబ్బుని తగ్గించిన కథ జపాన్‌ది. అక్కడ డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్ అనే సన్న శ్వాసనాళాల జబ్బులో 1970ల్లో అయిదేళ్ళు బతికేవాళ్ళు నూటికి అరవై చిల్లర. 1980ల్లో కుడో అనే వైద్యుడు రోజుకి 400 నుంచి 600 మిల్లీగ్రాముల ఎరిత్రోమైసిన్ నెలల తరబడి ఇచ్చాడు. ఆ మోతాదు సూడోమోనాస్‌ని చంపదు. అయినా బతికేవాళ్ళు తొంభై దాటారు. న్యూట్రోఫిల్స్‌ని పిలిచే సంకేతాలు తగ్గాయి, జిగురు తగ్గింది, బాక్టీరియా గుంపుకట్టే మాటామంతీ కూడా మందగించింది. దాని తమ్ముడే అజిత్రోమైసిన్. ఏడాదికి మూడుసార్లో అంతకంటే ఎక్కువో జబ్బు తిరగబెట్టేవాళ్ళకి వారానికి మూడు రోజులు 500 మిల్లీగ్రాములు, లేదా రోజూ 250. 2012, 2013లో వచ్చిన న్యూజీలాండ్, నెదర్లాండ్స్ అధ్యయనాలు దీన్ని నిలబెట్టాయి. కానీ మొదలుపెట్టేముందు తెమడలో టీబీ, దాని దాయాది మైకోబాక్టీరియాలు లేవని కల్చర్‌తో తేల్చుకోవాలి. ఒంటరి అజిత్రోమైసిన్ తగిలితే ఆ దాయాదులు మందుకి లొంగకుండా పోతాయి. ఈసీజీలో క్యూటీ (గుండె లయ చెడే ముప్పుని చెప్పే కొలత), లివర్ పరీక్ష, వినికిడి చూడాలి. ఇవేవీ లేకుండా షాపులో కొనుక్కునే మూడు రోజుల కోర్సు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

కొత్తగా వచ్చిన బ్రెన్సోకాటిబ్ ఇంకా మూలానికి వెళ్ళింది. మూలుగలో న్యూట్రోఫిల్ తయారయ్యేటప్పుడే ఎలాస్టేజ్‌కి పదును పెట్టే ఎంజైముని అది అడ్డుకుంటుంది. కణం వస్తుంది, మింగుతుంది, కానీ కత్తి మొద్దుగా ఉంటుంది. 1,721 మందితో జరిగిన అధ్యయనంలో జబ్బు తిరగబెట్టడం సుమారు అయిదో వంతు తగ్గింది. 2025 ఆగస్టులో అమెరికా అనుమతించింది. అయిదో వంతు అంటే అద్భుతం కాదు. నాకు ముఖ్యమనిపించింది దాని దిశ: ఇమ్యూనిటీని పెంచలేదు, మొత్తంగా అణచనూ లేదు, తప్పు చేసే ఒక్క చేతిని పట్టుకుంది.

తిండి మాట వదలలేను, ఎందుకంటే ఇమ్యూనిటీ అని జనం అడిగేదాంట్లో నిజం ఉన్న భాగం ఇదే. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్ళకి సరుకులిచ్చి చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. రోగికి రోజుకి 1,200 కేలరీలు, 52 గ్రాముల ప్రొటీను అదనంగా, ఇంట్లో పెద్దవాళ్ళకి 750 కేలరీలు, 23 గ్రాములు. ఇంట్లోవాళ్ళకి కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో చావులు 61 శాతం తక్కువ. 40 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు. ఆ 52 గ్రాములు ఏ డబ్బా పౌడరులోంచో రానక్కర్లేదు. రెండు గుడ్లు 12, వంద గ్రాముల కందిపప్పు 22, డెబ్భై గ్రాముల వేరుసెనగలు 17 దాకా. చోడి (రాగి) అంబలి ఆకలి తీరుస్తుంది గానీ ప్రొటీను లెక్కకి అదొక్కటే చాలదు. ఎండుచేపలు దొరికే ఊళ్ళలో ఇంకా తేలిక. టీబీ రోగుల తిండికోసం ప్రభుత్వం నిక్షయ్ పోషణ కింద ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకి వెయ్యి రూపాయలైంది. టానిక్కు సీసా వెల దాంట్లోంచి పోకుండా చూసుకుంటే చాలు. షుగరు కూడా చూడాలి. చక్కెర ఎక్కువున్న రక్తంలో న్యూట్రోఫిల్ వస్తుంది గానీ సరిగా మింగదు. హెచ్ఐవీ పరీక్ష, మాటిమాటికీ నిమోనియా వచ్చేవాళ్ళకి ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీల కొలతలు చేయించాలి. నిజంగా ఇమ్యూనిటీ తక్కువున్న కొద్దిమంది ఈ పరీక్షల్లోనే దొరుకుతారు, వాళ్ళకి వేరే వైద్యం ఉంది. ఫ్లూ, న్యూమోకోకస్ టీకాలు ఈ రోగులందరికీ మంచివే.

ఇక కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు పైకి ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు. అక్కడి మనిషికి సూడోమోనాస్ అని రిపోర్టు రాగానే అమికాసిన్ సూది మొదలెడితే, ఛాతీ బాగుపడే లోపు కిడ్నీ పోయే ప్రమాదం ఉంది. మొదటి సూదికి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి, కోర్సు నడుస్తున్నంతకాలం వారానికి కనీసం ఒకసారి మళ్ళీ చూడాలి. అదే సమయంలో ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ పొడిపించుకోకూడదు. చెవిలో హోరు మొదలైతే ఆ రోజే చెప్పాలి. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మోతాదు కిడ్నీకోసం మార్చక్కర్లేదు. ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్ మాత్రం కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి రోజూ కాకుండా వారానికి మూడుసార్లే ఇస్తారు. అన్నీ కలిపిన ఒకే బిళ్ళలో ఈ తేడా చెయ్యడం కుదరదు. కాబట్టి టీబీ కార్డు రాయించుకునే రోజునే కిడ్నీ రిపోర్టు కూడా బల్లమీద పెట్టి, విడివిడి బిళ్ళలు రాయమని అడగాలి.